ట్రైపాడ్ మీద రైఫిల్: తొందరలోనూ గురి కుదరాలంటే ఎలా?

అమెరికాలో జరిగే ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ లాంటి పోటీల్లో ఒక్కో స్టేజికి (పోటీలో ఒక్కో అంచెకి) ఇచ్చేది సాధారణంగా 90 సెకన్లో, 2 నిమిషాలో. అందులోనే ట్రైపాడ్ (మూడు కాళ్ళ స్టాండు) నిలబెట్టాలి, గురి చూడాలి, పది దాకా రౌండ్లు కాల్చాలి. చాలామంది ట్రిగ్గర్ దగ్గర తొందరపడతారు గానీ, టైమ్ మిగుల్చుకోవాల్సింది స్టాండు వేసే దగ్గర.

అందుకే కాళ్ళ ఎత్తు ముందే తేల్చుకోండి. మోకాలి మీద కూర్చుని కాల్చడానికి ఒకటి, నిలబడి కాల్చడానికి ఒకటి, టేపుతో గుర్తులు పెట్టుకుంటే అక్కడ తడుముకోనక్కర్లేదు. మధ్య రాడ్ ఉంటే పైకి లాగొద్దు, ఊగేదంతా అదే. కాళ్ళు వెడల్పుగా పరిచి, ఒకటి టార్గెట్ వైపు పెడితే వెనక రెండింటి మధ్య మీకు చోటు దొరుకుతుంది.

రైఫిల్ బరువు ముందూ వెనకా సమంగా తూగే చోట క్లాంపు బిగించండి (ఇదంతా అయ్యేదాకా బోల్టు, అంటే తూటా ఉండే ఛాంబర్‌ని మూసే భాగం, తెరిచే ఉండాలి, బ్యారెల్ టార్గెట్ వైపే చూడాలి). బాల్ హెడ్ (ట్రైపాడ్ పైన అన్ని వైపులా తిరిగే గుండ్రటి కీలు) పూర్తిగా బిగిస్తే టార్గెట్ మారిన ప్రతిసారీ నాబ్ తిప్పాలి, వదిలేస్తే బ్యారెల్ వాలిపోతుంది. చెయ్యి తీసినా నిలిచి, తోస్తే కదిలేంత బిగువు చాలు.

తర్వాత సూటిగా తుపాకీ వెనకే ఉండి, ఒంటి బరువు కాస్త ముందుకు వేయండి. కళ్ళు మూసి, ఊపిరి వదిలి, తెరవండి. స్కోప్‌లో (తుపాకీ మీది దుర్బిణిలో) కనిపించే గురి గీతలు, అంటే క్రాస్‌హెయిర్, పక్కకి జరిగి కనిపిస్తే చేతులతో లాక్కురావద్దు, పాదాలు సర్దుకోండి. బలవంతంగా పట్టుకున్న గురి పేలగానే చెదిరిపోతుంది, ఎక్కడ తగిలిందో స్కోప్‌లో కనపడదు కూడా.

ఎంత కుదురు కావాలో చెప్పేది టార్గెట్ సైజే. 400 గజాల్లో 2 ఎంఓఏ (కోణం కొలత, ఒక ఎంఓఏ అంటే 100 గజాలకి సుమారు ఒక అంగుళం) ప్లేటంటే సుమారు 8 అంగుళాలు. క్రాస్‌హెయిర్ ఆ ప్లేటు లోపలే తిరుగుతుంటే మెల్లగా నొక్కేయండి. బొత్తిగా ఆగేదాకా చూద్దామని ఊపిరి బిగబడితే వణుకు ఇంకా పెరుగుతుంది. అంచు దాటుతోందంటే మాత్రం టైమ్ పోయినా పర్లేదు, మోకాలి మీద దిగి మోచెయ్యి ఆనించండి, మోకాలి చిప్ప మీద కాదు, దాని పక్కనున్న కండ మీద.

ప్రాక్టీసు ఇంట్లోనే ఖాళీ రైఫిల్‌తో చేయొచ్చు. తూటాలు వేరే గదిలో పెట్టి, ఛాంబర్ రెండుసార్లు చూసుకుని టైమర్ నొక్కండి. స్టాండు వేయడానికి పట్టిన టైమ్, గురి కుదరడానికి పట్టిన టైమ్ విడివిడిగా రాసుకోండి, కలిపి రాస్తే సెకన్లు ఎక్కడ పోతున్నాయో తెలీదు.