మౌంట్ ఐడాకు స్ఫటికాల కోసం వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

మా కర్నూలు జిల్లా తుగ్గలి వైపు తొలకరి పడిందంటే చేలల్లో జనం తలలు వంచుకుని తిరుగుతుంటారు, వజ్రాల కోసం. అమ్మ కూడా చిన్నప్పటి నుంచీ తిరిగింది. వజ్రమైతే ఒక్కటీ దొరకలేదు గానీ, ఆ వెతికే కన్ను మాత్రం ఉండిపోయింది. పోయిన అక్టోబర్‌లో ఆవిడను అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రానికి తీసుకెళ్లినప్పుడు అది పనికొచ్చింది.

మౌంట్ ఐడా అక్కడి వాషిటా కొండల్లో చిన్న ఊరు. చుట్టుపక్కల స్ఫటికాల గనులున్నాయి. కొన్నింట్లో మనిషికింత అని కడితే రోజంతా తవ్వుకోవచ్చు, దొరికినవి మనవే. డాలస్ నుంచి కారులో 5 గంటల దాకా పడుతుంది కాబట్టి ముందురోజు రాత్రి దగ్గర్లోని హాట్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో ఉండిపోవడం మేలు. బయల్దేరే ముందు గనివాళ్లకు ఫోన్ చేయండి, వానలు గట్టిగా పడితే మూసేస్తుంటారు. ఎండాకాలం మాత్రం వద్దు, నీడ ఉండదు.

గునపాలు, పారలు మోసుకెళ్లకండి. మట్టిని వాళ్లే బుల్డోజర్‌తో తిరగేసి కుప్పలు పోసి ఉంచుతారు. పొడుగాటి స్క్రూడ్రైవర్, కుండీల్లో మట్టి గుల్లచేసే మూడు పళ్ల కొంకి, బకెట్, నీళ్ల స్ప్రే బాటిల్, మందపాటి గ్లోవ్స్ చాలు. విరిగిన స్ఫటికం అంచు గాజుపెంకులా కోస్తుంది. బట్టలు పారేయడానికి సిద్ధపడ్డవే వేసుకోండి, ఆ ఎర్రమట్టి ఏ సబ్బుకీ లొంగదు. కారు సీట్ల మీద పాత దుప్పటి పరచండి. తిండి మీరే తెచ్చుకోండి. మేం చిత్రాన్నం, పెరుగన్నం పట్టుకెళ్లాం.

మొదటి గంటలో అందరూ చేసే తప్పు, మెరిసిన ప్రతి ముక్కనీ బకెట్‌లో వేసుకోవడం. నేనూ అంతే. అమ్మ కాసేపు చూసి, "ఊరికే ఎందుకే ఆ తవ్వడం? ఎండకెదురుగా నడుస్తా కింద చూడు" అంది. నిజమే, ముందు వెతకాల్సింది పైపైనే. వాన వెలిసిన మర్నాడైతే మట్టి కొట్టుకుపోయి మొనలు తళుక్కుమంటాయి. తెల్లగా, ముద్దగా ఉన్నది మన పొలాల్లో దొరికే పలుగురాయి లాంటిదే, వదిలేయండి. ఆరు పలకలు, పైన మొన ఉన్నదే కావాలి. మట్టిముద్దలా కనిపించినా బొటనవేలితో రుద్దితే ఒక పక్క అద్దంలా నున్నగా తగులుతుంది. అప్పుడు నీళ్లు చల్లి చూడండి. ఒకటి దొరికిన చోట చుట్టూ నెమ్మదిగా కెలకండి, పక్కనే ఇంకొన్ని ఉండొచ్చు. గుత్తిగా ఉంటే సుత్తి జోలికి పోకుండా మట్టితో సహా తీసి న్యూస్‌పేపర్‌లో చుట్టేయండి.

అసలు పని ఇంటికొచ్చాక మొదలు. మట్టిని పూర్తిగా ఎండనిచ్చి తర్వాత కడిగితే పెచ్చులుగా ఊడుతుంది. మిగిలే పసుపు మరక ఇనుముది, తోమితే పోదు. దానికి ఆక్సాలిక్ యాసిడ్ పొడి వాడతారు. అది విషం. వంటింట్లోకి తేవద్దు, వేడి చేయొద్దు. పిల్లలకు అందని చోట, ఆరుబయట ప్లాస్టిక్ బకెట్‌లో, గ్లోవ్స్, కళ్లద్దాలు, మాస్క్ పెట్టుకుని నీళ్లలో పొడి కలపండి. కొన్ని రోజులు నాననిచ్చి తీసి, వంటసోడా నీళ్లలో ముంచి, మంచినీళ్లలో చాలాసార్లు జాడించండి.

ఇంకో జాగ్రత్త. నేను తొందరపడి కొన్నిటిని వేడినీళ్లలో కడిగి, వెంటనే చన్నీళ్ల పైపు కింద పెట్టాను. టక్కుమని చప్పుడు. వేలెడు పొడుగున్న మంచి రాయి, నడిమధ్య అడ్డంగా పగులు.

ఆ రోజు దొరికిన వాటిలో పెద్దది అమ్మదే. దాన్నీ యాసిడ్‌లో వేస్తానంటే ఒప్పుకోలేదు. "దేవుని గూట్లో పెట్టేదానికి విషం పోస్తావా?" అని చీర కొంగుతో తుడిచి, పసుపు మరకతోనే ఊరికి పట్టుకెళ్లింది.