పండగ సేల్‌లో ల్యాప్‌టాప్ కొంటున్నారా? ముందు స్క్రీన్ చూసుకోండి

దసరా సేల్స్ వస్తున్నాయి. బెంగళూరులో మనవాళ్ళు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఇవి మర్చిపోవద్దు.

- రిటర్న్ గడువు ముందే కనుక్కోండి, బాక్స్ తెరిచేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. గడువు దాటాక ఒకటి రెండు పిక్సెల్స్ (స్క్రీన్ మీద బొమ్మని చూపించే సన్న చుక్కలు) పోయినా చాలా కంపెనీలు దాన్ని లోపంగా లెక్కేయవు. నాకు సరిగ్గా మధ్యలో ఆకుపచ్చ చుక్క వచ్చింది, తెల్ల పేజీ తెరిచిన ప్రతిసారీ కళ్ళు దానిమీదకే పోయేవి.

- తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటే స్క్రీన్ నిండా పెట్టండి. చచ్చిన పిక్సెల్ తెలుపు మీద, ఆరకుండా వెలిగేది నలుపు మీద దొరికిపోతాయి.

- రాత్రి లైట్లాపి నల్ల స్క్రీన్ చూడండి. తల జరిపితే మూలల్లో వెలుగు మారుతుంటే ఐపీఎస్ రకం ప్యానెల్‌కి అది మామూలే, మరకలా అక్కడే ఉంటే స్క్రీన్ వెనకుండే లైటు, అంటే బ్యాక్‌లైట్ లీకవుతున్నట్టు.

- స్పెక్స్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉంటే రంగులు వెలిసినట్టుంటాయి. ఫోటో ఎడిటింగ్‌కి అస్సలు వద్దు.