ఫ్రీ రూమ్, ఫ్రీ భోజనం అంటే ముందు ఈ ఐదూ అడగండి

విదేశాల్లో రోజుకు కొన్ని గంటలు పని చేస్తే ఉండటానికి చోటు, తిండి ఫ్రీ అని వర్క్‌అవే లాంటి వెబ్‌సైట్లలో చూసి వెళ్తాం కదా, తీరా దిగాక భోజనం అంటే పొద్దున రెండు బ్రెడ్ ముక్కలు, ఒక టీ అని తెలుస్తుంది. నేపాల్‌లోని పోఖరాలో ఒక హాస్టల్లో నాకు జరిగింది ఇదే, రెండు పూటలా దాల్ భాత్ నా జేబులోంచే.

ఇప్పుడు వెళ్లే ముందే ఒక మెసేజ్ పెడుతున్నా: రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని సెలవులు, ఏయే పూటలు భోజనం, సెలవు రోజు కూడా పెడతారా, గదిలో ఎంతమంది. మామూలుగా రోజుకు 5 గంటలు, వారానికి 5 రోజులు అనుకోండి, అంతకు మించి అడిగితే నేనైతే వెళ్లను. ఫోన్‌లో మాట్లాడుకుందాం అన్నా సరే జవాబు రాయించుకుని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మొదటే నెలకు ఒప్పుకోకుండా వారం చూద్దాం అనండి, 3 రాత్రుల హాస్టల్ డబ్బు విడిగా ఉంచుకోండి (నాకు ఒకసారి పనికొచ్చింది).

ఇంత చేసినా వీసా దగ్గర తేడా వస్తే లాభం లేదు. నేపాల్‌కి మనకు వీసా అక్కర్లేదు కానీ న్యూజిలాండ్‌లో గది, భోజనం కోసం చేసేదీ ఉద్యోగం కిందే లెక్క, విజిటర్ వీసాతో కుదరదు. టికెట్ కొనకముందే ఆ దేశం ఇమిగ్రేషన్ సైట్ చూసుకోండి.