ప్రొస్టేట్ అల్ట్రాసౌండ్ – 3వ పాఠం: పొట్ట మీద నుంచి కొలత

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. బీపీహెచ్ అనే, వయసు మీద వచ్చే ప్రొస్టేట్ గ్రంథి పెరుగుదల ఏ జోన్‌లో మొదలవుతుంది, క్యాన్సర్ ఎక్కువగా ఏ జోన్‌లో వస్తుంది? పెరుగుదల మూత్రనాళానికి ఇరుపక్కలా ఉండే ట్రాన్సిషన్ జోన్‌లో. క్యాన్సర్లలో సుమారు 70 శాతం వెనక, మలాశయం వైపు ఉండే పెరిఫెరల్ జోన్‌లో. రెండూ తారుమారు చేసినవాళ్ళు 2వ పాఠంలోని మెక్‌నీల్ జోన్ల బొమ్మ (గ్రంథిని భాగాలుగా విడదీసి చూపేది) ఇంకోసారి గీయండి. చూస్తే చాలదు, గీయాలి. కుర్రవయసులో గ్రంథిలో 5 శాతం మాత్రమే ఉండే ట్రాన్సిషన్ జోన్, పెద్దవయసులో పెరిగి మిగతా కణజాలాన్ని అంచులకు ఎలా నెట్టేస్తుందో చేత్తో గీస్తేనే బుర్రకెక్కుతుంది.

ఇక ప్రోబ్ పట్టుకుందాం. పొట్ట స్కాన్‌కి వాడే కాన్వెక్స్ ప్రోబే చాలు, 3.5 నుంచి 5 మెగాహెర్ట్జ్. బ్లాడర్‌లో 200 మి.లీ. దాకా మూత్రం ఉంటే మనకు కిటికీ తెరిచినట్టే. ఖాళీగా ఉంటే పేగుల్లో గాలి తప్ప ఏమీ కనబడదు. మరీ నిండినా ఇబ్బందే, ఆ సంగతి కాసేపట్లో.

బొడ్డు కింద, జఘనాస్థికి సరిగ్గా పైన జెల్ రాసి ప్రోబ్‌ను అడ్డంగా పెట్టండి. నిటారుగా పట్టుకుంటే బ్లాడర్ వెనక సీతాకోకచిలుక రెక్కల్లా రెండు కనబడతాయి. అవి వీర్యకోశాలు. కొత్తవాళ్ళు వాటినే ప్రొస్టేట్ అనుకుని కొలిచేస్తారు. ప్రొస్టేట్ వాటికంటే కింద, ఎముక చాటున దాక్కుని ఉంటుంది. ప్రోబ్‌ను అక్కడే ఉంచి, అలలు పేషెంటు కాళ్ళవైపు వెళ్ళేలా మెల్లగా వంచండి. రెక్కలు మాయమై, పెద్ద ఉసిరికాయంత గుండ్రని బూడిదరంగు ముద్ద వస్తుంది. అదీ మన గ్రంథి. ఎక్కడ బాగా వెడల్పుగా ఉందో అక్కడ ఫ్రీజ్ చేసి ఎడమ నుంచి కుడికి కొలవండి.

ఇప్పుడు ప్రోబ్‌ను 90 డిగ్రీలు తిప్పండి, ప్రోబ్ పక్కనుండే గుర్తు పేషెంటు తలవైపు ఉండాలి. ముందు నుంచి వెనక్కి మందం, పై నుంచి కిందికి పొడవు రెండూ ఈ నిలువు బొమ్మలోనే తీయాలి. వెడల్పు, మందం ఎవరు కొలిచినా దాదాపు ఒకేలా వస్తాయి. దొంగ కొలత పొడవే. పైకొస బ్లాడర్ మెడ దగ్గర స్పష్టంగా ఉంటుంది గానీ, కిందికొస మీద ఎముక నీడ పడుతుంది. కనబడని కొసను ఊహించి కాలిపర్ (తెర మీద కొలత గుర్తు) పెట్టేయకండి. ప్రోబ్‌ను ఇంకాస్త వంచి, కొద్దిగా నొక్కి చూడండి. నొక్కేముందు పేషెంటుకు చెప్పండి, ఆయన బ్లాడర్ నిండుగా ఉంది!

మూడు కొలతలూ సెంటీమీటర్లలో గుణించి, 0.52తో గుణిస్తే ఘనపరిమాణం సీసీల్లో వస్తుంది. 0.52 అంటే π (పై, 3.14) విలువలో ఆరో వంతు, కోడిగుడ్డు లాంటి ఆకారాల ఘనపరిమాణానికి వాడేది. వెడల్పు 4.6, మందం 3.4, పొడవు 4.0 అనుకుందాం. 32.5 సీసీ. అదే గ్రంథికి పొడవు 4.8 అని పెడితే 39 సీసీ. 8 మిల్లీమీటర్ల పొరపాటుకు 6.5 సీసీ తేడా! ఆర్నెల్ల తర్వాత ఇంకొకరు సరిగ్గా కొలిస్తే, మందులకు గ్రంథి తగ్గిందని అందరూ సంతోషిస్తారు.

మన రిపోర్టుల్లో సీసీకి బదులు గ్రాములని రాయడం అలవాటు. ఈ కణజాలం సాంద్రత నీటికి దగ్గరే కాబట్టి తప్పేం లేదు. నాకు చిరాకు తెప్పించేది 'గ్రేడ్ 1 ప్రొస్టేటోమెగలీ' (అంటే ప్రొస్టేట్ పెరిగిందని) అని ఒక్క ముక్క రాసి వదిలేయడం. పెద్ద గ్రంథి ఉన్నా హాయిగా ఉండేవాళ్ళున్నారు, 30 సీసీకే రాత్రి ఐదుసార్లు లేచేవాళ్ళున్నారు. సైజుతో పాటు అది ఎటు పెరిగిందో చూడాలి.

అదే నిలువు బొమ్మలో బ్లాడర్ అడుగు వెంబడి ఒక గీత ఊహించుకోండి. ఆ గీత దాటి గ్రంథి బ్లాడర్‌లోకి ఎంత పొడుచుకొచ్చిందో, గీతకు లంబంగా కొలవండి. 5 మి.మీ. లోపు అయితే మొదటి గ్రేడు, 5 నుంచి 10 దాకా రెండోది, 10 దాటితే మూడోది. మూడో గ్రేడులో, చెంబు మూతికి లోపలి నుంచి నిమ్మకాయ అడ్డుపడ్డట్టు, ముక్కేకొద్దీ దారి మూసుకునే అవకాశం ఎక్కువ. బ్లాడర్ మరీ నిండి సాగితే ఈ పొడుపు చదునై తక్కువగా కనబడుతుంది. అప్పుడు కొంత పోసి రమ్మని, 100–200 మి.లీ. ఉన్నప్పుడు కొలవండి.

చివరగా, ఒంటికి వెళ్ళొచ్చాక మిగిలిన మూత్రం. నేను నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దాయనకు 140 మి.లీ. మిగిలిందని రాసేశాను. మా సార్ ఆ కాగితం చూసి, "ఎన్ని నీళ్ళు తాగించావు?" అన్నారు. లీటరు తాగించి, రెండు గంటలు క్యూలో కూర్చోబెట్టాం. అంతసేపు ఆపుకున్న బ్లాడర్ ఒక్కసారికి ఖాళీ కాదు. మళ్ళీ పంపితే 30 వచ్చింది. అప్పటి నుంచి అంకె ఎక్కువొస్తే రెండోసారి పంపకుండా రాయను. బయట పది మంది వరుసలో ఉంటే ఎవరికైనా పోయడం కష్టమే, ఆ టెన్షన్‌కూ కొంత లెక్క వేసుకోండి.

ఒక హెచ్చరిక. పొట్ట మీద నుంచి చూసి క్యాన్సర్ లేదని ఎప్పుడూ రాయకండి. ఈ ప్రోబ్‌కు పెరిఫెరల్ జోన్ అంత స్పష్టంగా అందదు. మలద్వారం నుంచి చేసే అల్ట్రాసౌండ్ (ట్రస్)లో కూడా చాలా గడ్డలు చుట్టూ ఉన్న కణజాలం రంగులోనే కలిసిపోతాయి. దాని గురించి 4వ పాఠంలో.

ఈ వారం లెక్క: వెడల్పు 5.0, మందం 4.0, పొడవు 4.5 సెం.మీ., పొడుపు 12 మి.మీ., మొదటిసారి మిగిలిన మూత్రం 180 మి.లీ., పొడుపు కొలిచేటప్పుడు, అంటే ఒంటికి వెళ్ళకముందు, బ్లాడర్‌లో ఉన్నది 650 మి.లీ. ఘనపరిమాణం ఎంత, రిపోర్టు రాసే ముందు ఏం చేస్తారు? పొడుపు కొలతను నమ్ముతారా?