కాన్వీ కోట ఊళ్లో పిల్లలతో ఒక రోజు గడపడం ఎలా?

మాంచెస్టర్, లివర్‌పూల్, చెస్టర్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు వేసవి రాగానే నార్త్ వేల్స్ వైపు కార్లు తిప్పుతారు. తిప్పి, ఒకే రోజులో మూడు కోటలు, ఒక జలపాతం, ఒక బీచ్ పెట్టుకుంటారు. మేమూ మొదటిసారి అదే పని చేశాం. ఇంటికొచ్చాక ఏం నచ్చిందిరా అని అడిగితే, మా చిన్నవాడు పార్కింగ్ మిషన్ అన్నాడు. బటన్ వాడే నొక్కాడు మరి.

రెండోసారి కాన్వీ అనే ఒక్క ఊరే పెట్టుకున్నాం. ఊరు చిన్నది, చుట్టూ కోటగోడ, ఒక పక్క నది వచ్చి సముద్రంలో కలిసే చోటు. ఈ చివర నుంచి ఆ చివరికి పది నిమిషాల నడక. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాం. మాకు కుదిరిన వరస ఇది.

1. ముందు సముద్రం టైమ్ చూడండి

కోట ఎన్నింటికి తెరుస్తారో తర్వాత చూసుకోవచ్చు. మొదట నెట్‌లో కాన్వీ ఆటుపోట్ల టైమింగ్స్ చూడండి. ఎందుకంటే పిల్లలు అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడేది రేవు దగ్గర, పీతలు పట్టే చోట. పోటు మీద నీళ్లు రేవు గోడ దాకా వస్తాయి. పాటులో అయితే నీళ్లు దూరం జరిగిపోయి బురద, ఒరిగిన పడవలు మిగులుతాయి.

సుమారు పన్నెండున్నర గంటలకోసారి పోటు వస్తుంది. రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి పోయిన శనివారం వెళ్లిన ఫ్రెండ్ చెప్పిన టైమ్ మీకు పనికిరాదు. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు పోటు ఉన్న రోజు దొరికితే పొద్దున కోట, మధ్యాహ్నం రేవు. పోటు పదకొండింటికే ఉంటే ప్లాన్ తిరగేయండి.

2. ఎలా చేరుకోవాలి

కారులో అయితే చెస్టర్ నుంచి ఏ55 రోడ్డు మీద గంట ప్రయాణం. ఊరి లోపల రోడ్లు సన్నం, పార్కింగ్ తక్కువ. గోడ బయట మోర్ఫా బాక్ అనే పెద్ద కార్ పార్క్ ఉంది. అక్కడ పెట్టేసి నడవడమే మేలు. సెలవుల్లో పది గంటలకల్లా చేరకపోతే అక్కడా చక్కర్లు కొట్టాలి.

పిల్లలకు మాత్రం రైలే సరదా. స్టేషన్ కోటగోడల లోపలే ఉంటుంది. కాకపోతే ఇది రిక్వెస్ట్ స్టాప్. దిగాలంటే రైలెక్కగానే గార్డుకు చెప్పాలి, తిరిగి ఎక్కాలంటే ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చెయ్యి ఎత్తాలి. మన ఊళ్లో ఆర్టీసీ బస్సు ఆపినట్టే. ఆగని రైలు వస్తే లాండుడ్నో జంక్షన్‌లో దిగి వంతెన మీదుగా నడిచి రండి. మైలు దూరం ఉంటుంది, కానీ కోట ముఖం మొత్తంగా కనబడేది ఆ దారిలోనే.

దారిలో రోడ్డు మీద తెల్లని పెద్ద అక్షరాలతో వెల్ష్ మాట ఒకటి కనిపిస్తుంది. దాన్ని 'అరవ్' అని పలకాలి. నెమ్మదిగా వెళ్లమని అర్థం. మా అమ్మాయి ఇప్పుడు తమ్ముడు పరిగెత్తినప్పుడల్లా అరవ్, అరవ్ అని అరుస్తుంది. 'డియోల్ఖ్' అంటే థాంక్స్. షాపులో పిల్లలు ఆ ఒక్క మాట అంటే చాలు, కౌంటర్ వెనక ముఖం వెలిగిపోతుంది.

3. సంచిలో ఏముండాలి

వాన కోట్లు, జూలై అయినా సరే. జారని బూట్లు. ఒక జత సాక్సులు అదనంగా. ప్రామ్ మాత్రం కారులోనే వదిలేయండి. మొదటిసారి మేం దాన్ని కోట దాకా తోసుకెళ్లాం. బురుజుల్లో మెట్లు మెలికలు తిరుగుతూ ఒక మనిషి పట్టేంత సన్నగా ఉంటాయి, అరిగి నున్నబడ్డాయి కూడా. మావారు కింద ప్రామ్‌కి కాపలా, నేను పైన పిల్లలకి కాపలా. ఇద్దరం సగం సగం కోటే చూశాం. చంటిపిల్ల ఉంటే వీపుకో ఛాతీకో కట్టుకునే క్యారియర్ తెచ్చుకోండి.

4. కోటలో గంటన్నర చాలు

దీన్ని చూసుకునేది వేల్స్ ప్రభుత్వానికి చెందిన కాడ్వ్ అనే సంస్థ. ఆ మాటకు అర్థమే కాపాడటం. టికెట్ ధరలు, వేళలు సీజన్‌ని బట్టి మారతాయి కాబట్టి ముందురోజు వాళ్ల సైట్‌లో చూసుకోండి. ఏడాదిలో మూడు నాలుగు కోటలు తిరిగే ఉద్దేశం ఉంటే మెంబర్‌షిప్ లెక్క కూడా వేసి చూడండి.

ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్‌ను గెలిచాక, 1283లో మొదలుపెట్టి 1287కల్లా కోటనూ ఊరి గోడనూ రెండూ కట్టించేశాడు. సెయింట్ జార్జ్‌కు చెందిన జేమ్స్ అనే మేస్త్రి పనులు నడిపాడు. ఖర్చు అప్పట్లోనే సుమారు 15,000 పౌండ్లు. సరిగ్గా అప్పుడే ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతోందని చెబితే మా అమ్మాయి కాసేపు నమ్మలేదు. కాన్వీతో పాటు కెర్నార్వన్, హార్లెక్, బ్యూమారిస్ కోటలను 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇదంతా పిల్లలకు గుక్క తిప్పుకోకుండా చెబితే పారిపోతారు. నేను చేసేది ఇది: లోపలికి వెళ్లేటప్పుడు దర్వాజా పైన తలెత్తి చూడమంటాను. గోడ ముందుకు పొడుచుకొచ్చి, అడుగున కంతలు ఉంటాయి. కింద నిలబడ్డ శత్రువు మీద రాళ్లు వేయడానికి. బ్రిటన్‌లో రాతితో కట్టి ఇప్పటికీ నిలిచిన ఇలాంటి వాటిలో ఇవే పాతవి. "ఇప్పుడు మనం ఎక్కడున్నాం?" అని అడగండి. సరిగ్గా వాటి కిందే ఉన్నామని తెలిశాక ఒక్క పరుగున లోపలికి దూరతారు.

తర్వాత బావి. 91 అడుగుల లోతు. ఆ తర్వాత 1401 నాటి వడ్రంగి కథ. ఆ ఏడాది గుడ్ ఫ్రైడే నాడు కోట సిపాయిలు చాలామంది ప్రార్థనకు చర్చికి వెళ్లారు. రిస్, గ్విలిమ్ అనే వెల్ష్ అన్నదమ్ముల మనుషులు, పనికొచ్చిన వడ్రంగి అని నమ్మించి లోపల పడ్డారు. అంత పెద్ద కోట చేతులు మారిపోయింది. ఈ కథ విన్నాక మావాడు ప్రతి తలుపు దగ్గరా "నేను వడ్రంగిని" అంటూ తిరిగాడు.

బురుజులు ఎనిమిది ఉన్నాయి. అన్నీ ఎక్కే పని పెట్టుకోవద్దు, రెండు చాలు. పైన గాలి టోపీలు ఎగరగొట్టేంత ఉంటుంది. ఒక పక్క నది, పడవలు. మరో పక్క ఎరారి కొండలు. ఇంగ్లిష్‌లో స్నోడోనియా అనేది దీన్నే. మెట్లు దిగేటప్పుడు పెద్దవాళ్లు ముందు, పిల్లలు వెనక. జారినా మీ మీద పడతారు.

గదులకు పైకప్పులు దాదాపు లేవు. వాన వస్తే ఇక్కడ దాక్కోవచ్చులే అనుకోకండి.

5. గోడ మీద నడక, పన్నెండు దొడ్లు

ఊరి గోడ పొడవు 1.3 కిలోమీటర్లు, 21 బురుజులు, మూడు పాత ద్వారాలు. ఎక్కడానికి టికెట్ లేదు. నా లెక్కలో కోట కన్నా ఇదే బాగుంటుంది. ఇళ్ల పెరళ్లు, ఆరేసిన బట్టలు, పొగ గొట్టాల మీద కూర్చున్న సీగల్స్ అన్నీ మీ కాళ్ల కింద కనిపిస్తాయి. పై ద్వారం దగ్గరున్న ఎత్తైన బురుజు దాకా వెళ్లండి. కోట, నది, వంతెనలు ఒకే ఫోటోలో పడే చోటు అదే. దారి సన్నం కాబట్టి చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.

దిగాక దక్షిణం వైపు గోడను బయట నుంచి చూడండి. గోడ పైన బయటికి పొడుచుకొచ్చిన రాతి గూళ్లు పన్నెండు వరసగా ఉంటాయి. రాజోద్యోగుల మరుగుదొడ్లు. కింద గొట్టం లేదు, తొట్టి లేదు, అంతా నేరుగా కిందికే. కోట మొత్తంలో మా పిల్లలు స్కూల్లో చెప్పుకున్న విషయం ఇదొక్కటే.

6. తిండి సంగతి

పులిహోర, పెరుగన్నం తెచ్చుకుంటే ఏ టెన్షన్ లేదు. కొనాలంటే రేవు దగ్గర చిప్స్ దొరుకుతాయి. శాకాహారులు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: నూనెలో వేయిస్తారా, బీఫ్ కొవ్వులోనా? కొన్ని షాపుల్లో ఇంకా కొవ్వే వాడతారు. వెల్ష్ కేక్ అనే ఎండుద్రాక్ష బిళ్లలు పెనం మీద కాలుస్తారు, వేడివేడిగా బాగుంటాయి. వాటిలోనూ వెన్నా, పంది కొవ్వా అని అడిగి కొనండి.

చిప్స్ పొట్లం గోడకు ఆనుకుని, ఒడిలో పెట్టుకుని తినండి. సీగల్ వెనక నుంచి వస్తుంది. ఒకసారి మావారు చిప్ నోటి దాకా తీసుకెళ్లారు, నోట్లోకి మాత్రం వెళ్లలేదు.

7. పీతలు పట్టడం

రోజంతటికీ అసలు ఘట్టం ఇదే. కావలసినవి ఒక బకెట్, బరువు కట్టిన దారం, చిన్న వల సంచి, ఎర. రేవు దగ్గర షాపుల్లో సెట్లు అమ్ముతారు. ఇంటి నుంచే తెచ్చుకుంటే వాషింగ్ మెషీన్ బిళ్లలు వేసే నెట్ సంచి చక్కగా సరిపోతుంది. కొక్కెం గాలం వాడొద్దు. అది పీతకూ మంచిది కాదు, పక్కవాళ్ల పిల్లల వేళ్లకూ మంచిది కాదు. ఎరగా ఎక్కువమంది బేకన్ ముక్క పెడతారు, చేప ముక్కకూ వస్తాయి.

బకెట్లో కుళాయి నీళ్లు పోస్తే పీతలు బతకవు. సముద్రం నీళ్లే తోడి, ఒక రాయి, కాస్త నాచు వేసి నీడలో పెట్టండి. సంచి అడుగుకు తగిలేదాకా దారం వదలండి. ఇక్కడ పిల్లలు చేసే తప్పు, ప్రతి పది సెకన్లకూ లాగి చూడటం. రెండు నిమిషాలు ఆగమనండి, పాట పాడుకోమనండి. దారం చిన్నగా అదిరినట్టుంటే మెల్లగా, కుదుపు లేకుండా పైకి లాగాలి. గబుక్కున లాగితే నీళ్లు దాటగానే పీత చెయ్యి వదిలేసి దబ్బున పడిపోతుంది.

పట్టుకునేటప్పుడు వెనక నుంచి డొప్పకు రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలు వేయాలి. కోనసీమ వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తిరగేసి చూస్తే పొట్ట కింద మడత కనిపిస్తుంది. సన్నగా మొనదేలి ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. బకెట్లో నాలుగైదు మించి ఉంచకండి, ఎక్కువైతే కొట్టుకుంటాయి. గంటకోసారి నీళ్లు మార్చండి. చివర్లో పై నుంచి గిరాటెయ్యకుండా, నీళ్ల దగ్గరకు దిగి వదిలేయాలి.

పోయినేడాది మా అత్తయ్యగారు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఇదంతా బెంచీ మీద కూర్చుని చూశారు. "ఇంత కష్టపడి పట్టి మళ్లీ వదిలెయ్యడమేంటమ్మా? నాలుగు పెద్దవి చూస్తే పులుసుకి వచ్చేవి కదా!"

రేవు అంచు దగ్గర పిల్లల్ని బోర్లా పడుకోబెట్టండి, నిలబడనివ్వద్దు. మీరు ఫోన్ జేబులో పెట్టండి. నీళ్లు తీసేశాక కనిపించే బురదలోకి మాత్రం ఎవర్నీ దిగనివ్వకండి.

8. వాన పడితే, మోకాళ్ల నొప్పులుంటే

రేవు మీదే ఎర్ర రంగు వేసిన బుల్లి ఇల్లు ఉంది. గ్రేట్ బ్రిటన్‌లో అతి చిన్న ఇల్లని పేరు. వెడల్పు ఆరడుగులు. చివరిగా 1900 దాకా అందులో కాపురమున్న జాలరి రాబర్ట్ జోన్స్ ఎత్తు మాత్రం ఆరడుగుల మూడంగుళాలు. కొద్దిగా టికెట్ పెడతారు, చూడ్డానికి ఐదు నిమిషాలు. వాన గట్టిగా పట్టుకుంటే ప్లాస్ మావర్‌కు వెళ్లండి. రాబర్ట్ విన్ అనే సంపన్నుడు 1576–1585 మధ్య కట్టించుకున్న ఇల్లు. లోపలి సున్నపు బొమ్మలకు ఒకప్పటి గాఢమైన రంగులే మళ్లీ వేశారు.

పెద్దవాళ్లు, ప్రామ్ ఉన్నవాళ్లు నది అవతల ఒడ్డున ఆర్‌ఎస్‌పీబీ పక్షుల కేంద్రానికి వెళ్లొచ్చు. చదునైన బాటలు, కూర్చుని చూడ్డానికి చాటు గుడిసెలు, కేఫ్ ఉన్నాయి. 1991లో తెరిచిన రోడ్డు సొరంగం కోసం నది అడుగున తవ్విన మట్టి పోసిన చోటే ఇది. మన తీతువు పిట్టకు చుట్టమైన లాప్‌వింగ్ కనిపిస్తుంది. తలమీద జుట్టు లేచి నిలబడి ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక.

రెండో రోజు కూడా ఉంటే ఇక్కడికి దగ్గర్లోని లాండుడ్నో వెళ్లండి. 1902 నుంచి నడుస్తున్న ట్రామ్ గ్రేట్ ఓర్మ్ కొండ ఎక్కిస్తుంది, పైన కశ్మీరీ జాతి మేకలు తిరుగుతుంటాయి. మే చివర, జూన్ మొదట్లో అయితే బాడ్నంట్ తోటలో 55 మీటర్ల పందిరి నిండా పసుప్పచ్చ పూల గుత్తులు వేలాడతాయి, మన రేల పూలలాగే. కాకపోతే ఆ చెట్టు విషపూరితం. రాలిన గింజలు, కాయలు పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి.

9. తిరుగు ప్రయాణం

ప్లాట్‌ఫామ్ మీదకు ఐదు నిమిషాలు ముందే చేరి, రైలు కనబడగానే పిల్లల చేతే చెయ్యి ఎత్తించండి. అంత పెద్ద రైలు తమ కోసం ఆగిందని వారం రోజులు చెప్పుకుంటారు. బయల్దేరే ముందు బకెట్, వల సంచి కుళాయి కింద కడిగి, కవర్లో చుట్టండి. మేం ఒకసారి మర్చిపోయాం. మిగిలిన బేకన్ ముక్క ఆ సంచిలోనే ఉండిపోయింది, ఎక్కడిదా ఆ వాసన అని మూడు రోజులు ఇల్లంతా వెతికాం.