సీటు కింద పసుపు కనెక్టర్: ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరిన వైనం

కావలి నుంచి ఒంగోలు వెళ్తుంటే కారు మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది, ఇక ఆరలేదు. ఫ్యూజు మార్చాను, బ్యాటరీ తీసి పెట్టాను, లోపాల కోడ్‌లు చదివే చవక స్కానర్ తగిలిస్తే ఇంజిన్ కోడ్‌లే చూపింది, అన్నీ దండగ.

చివరికి నెల్లూరులో ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు కూడా చదివే స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్ దొరికాడు. డ్రైవర్ వైపు సైడ్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువ అని వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, వారం ముందు సీటు కింద ఇరుక్కున్న నీళ్ల బాటిల్‌ని బలంగా లాగింది నేనే.

ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, పది నిమిషాలు ఆగాం. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లోని కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది, ఈ ఆగడం మాత్రం ఎగ్గొట్టకండి. సీటు కింద పసుపు కనెక్టర్ లాక్ సగమే పడి ఉంది. ఊడదీస్తే ఒక పిన్నుకు పచ్చటి చిలుము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బాగా ఆరనిచ్చి, టక్కుమనేదాకా నొక్కాం. వైరు సీటు పట్టాకు రాసుకోకుండా క్లిప్పులో బిగించాం. బ్యాటరీ కలిపి కోడ్ చెరిపాక, ఇగ్నిషన్ వేస్తే లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోయింది.

మల్టీమీటర్‌తో బ్యాగ్ వైపు కొలవొద్దు, పేలే ప్రమాదం ఉంది.

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. హారన్ కూడా మోగకపోతే స్టీరింగ్‌లోని క్లాక్ స్ప్రింగ్‌ని (స్టీరింగ్ తిరిగినా కనెక్షన్ తెగకుండా చూసే వైరు చుట్టని) అనుమానించండి. నాకైతే మూడు నెలలైంది, లైటు మళ్లీ రాలేదు.