దారంతో దూరం, గాలితో సమయం: విమాన ప్రయాణం లెక్క

లండన్ హీత్రూ నుంచి లాస్ ఏంజెలెస్‌కు ఎంత దూరం, ఎంతసేపు? ఇలాంటి ప్రశ్న ఎవరు అడిగినా నేను ముందు గ్లోబు, ఒక దారం ముక్క తెచ్చి వాళ్ల ముందు పెడతాను. జవాబు ఫోనులో క్షణంలో దొరుకుతుంది, నిజమే. కానీ స్వయంగా కొలిచిన దూరం మనసులో నిలిచిపోతుంది.

గోడ మీది పటం దీనికి వద్దు. గుండ్రని భూమిని చదును చేసిన పటంలో తిన్నగా కనిపించే గీత చాలాసార్లు చుట్టుదారి. 30 సెం.మీ. వ్యాసమున్న గ్లోబు తీసుకోండి. దాని చుట్టుకొలత 94 సెం.మీ. పైచిలుకు, భూమిది 40,000 కి.మీ.; అంటే ఒక్కో సెంటీమీటరు సుమారు 425 కి.మీ. రెండు నగరాల మీద దారం కొసలు పెట్టి బిగువుగా లాగండి. అది జారి జారి అతి దగ్గరి దారిలో కుదురుకుంటుంది. స్కేలు మీద 20.6 సెం.మీ. వస్తుంది, అంటే దాదాపు 8,755 కి.మీ. దారం గ్రీన్‌లాండ్ దక్షిణ భాగం మీదుగా పోవడం చూసి ఆశ్చర్యపోని వారిని నేను చూడలేదు. గోడల మీద మామూలుగా కనిపించే చదును పటం, అంటే మెర్కేటర్ పటం మీది తిన్నని గీత వెంట వెళితే ఇంకో వెయ్యి కిలోమీటర్ల దాకా ఎక్కువవుతుంది!

ఇక సమయం. పెద్ద జెట్ విమానం పైకి చేరాక గంటకు దాదాపు 900 కి.మీ. పోతుంది. భాగిస్తే తొమ్మిదిముప్పావు గంటలు. రన్‌వే దాకా నెమ్మదిగా కదలడానికి, ఎక్కడానికి, దిగడానికి ముప్పావు గంట కలపండి.

అయినా లెక్క పూర్తికాదు, గాలి మిగిలింది. 9 నుంచి 12 కి.మీ. ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి ప్రవాహం పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా. సగటున గంటకు 50 కి.మీ. ఎదురుగాలి అనుకుని 850తో భాగించి, ఆ ముప్పావు గంట కలిపితే, పడమరకు వెళ్లేటప్పుడు మొత్తం 11 గంటలు. తిరుగు ప్రయాణానికి 950తో భాగించండి, 10 గంటల దగ్గరకు వస్తుంది. ఒకవైపు సమయం తెలుసుకుని రెండోవైపూ అంతేనని ఎవరైనా అనుకుంటే నాకు ప్రాణం ఒప్పదు.

దారానికి దేశాల గగనతలం సంగతి తెలియదు. 2022లో రష్యా గగనతలం ఐరోపా విమాన సంస్థలకు మూతపడ్డాక, తొమ్మిదిన్నర గంటల హెల్సింకి–టోక్యో ప్రయాణం దాదాపు 13 గంటలకు పెరిగింది. కనుక చివరగా విమాన సంస్థ టైమ్‌టేబుల్‌తో సరిచూసుకోండి.

టైమ్‌టేబుల్‌లో ఉండేవి స్థానిక సమయాలు. లండన్‌లో మధ్యాహ్నం 3కు బయలుదేరి లాస్ ఏంజెలెస్‌లో సాయంత్రం 6.15కు దిగితే, లండన్ కంటే లాస్ ఏంజెలెస్ గడియారం 8 గంటలు వెనక కనుక, ఆ తేడా కలిపి ప్రయాణం 11 గంటల 15 నిమిషాలు. అమెరికాలో వేసవి సమయం కోసం గడియారాలు మార్చి రెండో ఆదివారమే ఒక గంట ముందుకు జరుగుతాయి, బ్రిటన్‌లో చివరి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో తేడా 7 గంటలే. అప్పుడు ప్రయాణిస్తుంటే, ఎదురుచూసేవాళ్లకు సమయం చెప్పే ముందు తేదీ ఒకసారి చూడండి.